గోడ ఎవరి గొంతుతో మాట్లాడుతోంది: ఒక ప్రజా గ్రంథాలయం కేసు

నేపథ్యం

ఇది ఒక ప్రజా గ్రంథాలయంలో జరిగింది. స్థలం, పేర్లు, సంస్థను పోల్చుకోగలిగే వివరాలన్నీ తీసేశాను. గొడవ రేపిన పోస్టర్లు ఏ పక్షానివో కూడా చెప్పడం లేదు. చెబితే చదివేవాళ్ళ దృష్టి పద్ధతి మీద నుంచి జారి, మనవాళ్ళా కాదా అన్న దాని మీదకు పోతుంది. ఈ కేసులో మొదటి నాలుగు నెలలూ సరిగ్గా అలాగే పాడయ్యాయి.

రెండంతస్తుల భవనం. కింద కౌంటరు, పిల్లల విభాగం, ప్రధాన ద్వారం పక్కనే 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న నోటీసు బోర్డు. పైన రీడింగ్ హాలు, 40 మంది కూర్చోగల సమావేశ గది. రెండు షిఫ్టుల్లో 18 మంది ఉద్యోగులు. వచ్చే పాఠకుల్లో చాలామందికి అందుబాటులో ఉన్న గ్రంథాలయం ఇదొక్కటే. ఈ మాట చిన్నదిగా కనిపించినా తర్వాతి నిర్ణయాలు చాలా దీని మీదే నిలబడ్డాయి. వేరే చోటు ఉన్న మనిషి నచ్చకపోతే అక్కడికి పోతాడు. వేరే దారి లేనివాడు అవమానం దిగమింగుకుని ఇక్కడికే రావాలి.

సమస్య

ఏళ్ళ తరబడి రాతపూర్వకమైన నియమమేదీ లేదు. ఎవరైనా పోస్టరు తెస్తే కౌంటరులో ఉన్నవాళ్ళు చూసి, సరేనంటే పెట్టుకునేవారు. ఒక పక్షం రోజుల్లో మూడు ఫిర్యాదులు వచ్చాయి.

వివాదంలో ఉన్న ఒక చట్టం మీద సభ పెడుతున్న బృందం పోస్టరు తెస్తే పొద్దుటి షిఫ్టు కాదంది. మూడు రోజుల ముందు అవతలి పక్షం పోస్టరును సాయంత్రం షిఫ్టు ఒప్పుకుంది. ఇది మొదటిది. ఒక కౌంటరు ఉద్యోగి చొక్కాకు ప్రచార బ్యాడ్జి పెట్టుకుని కూర్చున్నారు. తన గడువు పెంపు అభ్యర్థన ఆయన చేతిలో ఉండగా ఆ బ్యాడ్జి చూడాల్సి వచ్చిందని ఒక పాఠకురాలు రాసింది. ఇది రెండోది. మూడోది లోపలి నుంచి వచ్చింది. ఒక విషాద ఘటన తర్వాత ఉద్యోగులందరూ సంఘీభావ రిబ్బను పెట్టుకోవాలని డైరెక్టరు ఆదేశిస్తే ఇద్దరు పెట్టుకోలేదు. వాళ్ళకు మెమో ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న.

యాజమాన్యం ఈ మూడింటినీ ఒకే గాటన కట్టింది: ఇక్కడ అభిప్రాయాలు ఎక్కువైపోయాయి, తగ్గించాలి. రోగనిర్ధారణ తప్పింది అక్కడే. మొదటి దాంట్లో మాట్లాడుతున్నది పాఠకులు. రెండో దాంట్లో సంస్థ కుర్చీలో కూర్చున్న వ్యక్తి. మూడో దాంట్లో సంస్థే, అదీ తన ఉద్యోగుల ఒంటి మీద నుంచి. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

ముందు చేసి చూసినవి

మొదట ఒక వాక్యం రాసి బోర్డుకు అతికించారు: "రాజకీయ, మతపరమైన ప్రకటనలు అనుమతించబడవు." చదవడానికి సమానంగానే ఉంది. అమలులో వారం కూడా నిలవలేదు. రక్తదాన శిబిరం పోస్టరు వచ్చింది, కింద ఒక సంఘం గుర్తు ఉంది. అది సేవా, ప్రచారమా? ధ్యాన తరగతి ఆరోగ్యమా, మతమా? ఓటరు నమోదు గడువు గురించిన ప్రకటన రాజకీయమా? చెరువు శుభ్రం చేద్దాం రమ్మంటే ఫరవాలేదు, చెరువును పాడుచేస్తున్నది ఫలానా విధానం అని ఒక్క ముక్క కలిపితే? ప్రతి షిఫ్టుకూ ఒక జవాబు. ఉద్యోగులను తప్పుపట్టలేం. ఆ రెండు విశేషణాలకూ నిర్వచనం లేదు కాబట్టి ఎవరి మనసులో ఉన్న గీత వాళ్ళు గీసుకున్నారు. తాను ఒప్పుకునే మాట మనిషికి సహజమైన మాటలా వినిపిస్తుంది, ఒప్పుకోనిది రాజకీయంలా వినిపిస్తుంది.

అమెరికా సుప్రీంకోర్టు 2018లో మిన్నెసోటా పోలింగు కేంద్రాల కేసులో పట్టుకున్నది ఈ లోపాన్నే. ఓటు వేసే గదిలో ప్రచార దుస్తులు వద్దనడం తప్పని కోర్టు అనలేదు. "రాజకీయ" అన్న మాటకు హద్దు చెప్పకుండా తీర్పంతా గుమ్మం దగ్గర నిలబడ్డ అధికారికి వదిలేయడం కుదరదంది. 7-2 మెజారిటీతో ఆ నిషేధాన్ని కొట్టేసింది.

రెండో ప్రయత్నం, అసలు బోర్డునే ఖాళీ చేయడం. ఆరు వారాలు ఆకుపచ్చ గుడ్డ తప్ప ఏమీ లేదు. కాగితాలు మాత్రం ఆగలేదు. స్తంభాల మీదకు, మరుగుదొడ్ల తలుపుల వెనక్కు, పుస్తకాల పుటల మధ్యకు చేరాయి. సెల్లోటేపు ఊడదీసిన చోటల్లా రంగు పెచ్చులు లేచాయి. అంతకన్నా పెద్ద నష్టం, అవసరమైనవి పోవడం. చూపులేని పాఠకులకు చదివి పెట్టేవాళ్ళు కావాలన్న ప్రకటన, పాత పాఠ్యపుస్తకాల మార్పిడి, దొరికిన తాళాల గుత్తి. ఎవరి మీదా పక్షపాతం లేకుండా అందరికీ నష్టం చేసే నియమం అది.

మూడోది సమతూకం: ఒక వైపు పోస్టరు పెడితే రెండో వైపుదీ ఉండాలి. వినడానికి ఇదే న్యాయంగా ఉంటుంది, అందుకే చాలాచోట్ల దీని దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ రెండు సమస్యలు తేలాయి. రెండు వైపులే ఉంటాయని ఎవరు చెప్పారు? మూడో బృందం వచ్చి, మీ ఇద్దరితోనూ మాకు పడదు, మా చోటేదీ అంది. ఇంకొకటి, ఏ విషయానికి "అవతలి వైపు" అవసరమో నిర్ణయించడానికి ఉద్యోగి ప్రతి పోస్టరునూ చదివి తూచాలి. అంటే దేన్నుంచి తప్పించాలనుకున్నామో ఆ తీర్పరి కుర్చీలోనే మళ్ళీ కూర్చోబెట్టాం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు తయారైంది కౌంటరువాళ్ళ పని.

గొంతుల పటం

నియమాలు రాయడం ఆపి, ఈ పని చూస్తున్న కమిటీగా ముందు భవనమంతా నడిచాం. పసుపు, నీలం, తెలుపు చుక్కల స్టిక్కర్లు తీసుకుని, కంటికి కనిపించే ప్రతి ప్రకటన, చిత్రం, గుర్తు, బల్ల మీద వస్తువు దగ్గరా ఒక్కటే ప్రశ్న: మొదటిసారి లోపలికి వచ్చిన మనిషి ఇది ఎవరి మాట అనుకుంటాడు? సంస్థదైతే పసుపు. పాఠకులదైతే నీలం. ఫలానా వ్యక్తి సొంతమైతే తెలుపు. ఉద్యోగి ఒకరు, పాఠకుల్లో ఒకరు, బయటివాళ్ళు ఒకరు విడివిడిగా రాసుకున్నారు. ముగ్గురి రంగులూ కలవని చోట ఎర్ర చుక్క.

63 వస్తువుల్లో 11 చోట్ల ఎర్ర చుక్క పడింది. గత ఏడాది ఫిర్యాదుల రిజిస్టరు తీసి చూస్తే దాదాపు అన్నీ ఆ 11 చోట్లవే. ఈ కేసు మొత్తంలో అతి ముఖ్యమైన సమాచారం ఇదే అంటాను. జనానికి అభ్యంతరం అభిప్రాయం ఉండటం మీద కాదు, ఆ అభిప్రాయం గ్రంథాలయానిదేమో అన్న అనుమానం మీద.

ఒక ఉదాహరణ. కౌంటరు మీద, పుస్తకాలు స్టాంపు వేసే యంత్రానికి ఆనుకుని, ఒక రేకు డబ్బాలో కరపత్రాలు. ఎవరో పాఠకుడు ఎప్పుడో పెట్టి వెళ్ళాడు. ఉద్యోగులు అది పాఠకులదని నీలం పెట్టారు. బయటి మనిషి పసుపు పెట్టాడు, ఎందుకంటే డబ్బా సంస్థ బల్ల మీద, సంస్థ యంత్రం పక్కన ఉంది. డబ్బాను జానెడు దూరం జరిపితే కాదు, బోర్డు కిందికి మారిస్తేనే రంగు మారింది.

ఇంకొకటి, రీడింగ్ హాల్లో శాశ్వతంగా బిగించిన దాత కానుక చిత్రం. ఇచ్చింది దాతే అయినా శాశ్వతంగా గోడకు బిగించినది సంస్థ మాటే అవుతుంది. 2009లో ప్లెజంట్ గ్రోవ్ పట్టణ పార్కులోని శాశ్వత స్మారకాల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు ఇలాగే చెప్పింది. కాబట్టి కానుకలకు వేరే దారి: ఒప్పుకుంటే సంస్థ తన మాటగా ఒప్పుకోవాలి, లేదంటే వద్దనాలి. దాత పేరు చాటున దాక్కోవడం కుదరదు.

గొంతు ఎవరిదో తేల్చకపోతే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ నగరం జెండా కేసు చూపిస్తుంది. సిటీ హాలు ముందున్న ఒక జెండా కొయ్యను బయటి బృందాలకు ఇచ్చేవారు. 12 ఏళ్ళలో 284 సార్లు అనుమతించారు, ఒక్కటీ కాదనలేదు. 2017లో ఒక మత జెండాను కాదన్నారు, అది నగరం మాట అనుకుంటారని కారణం చెప్పారు. 2022 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా నగరం తప్పంది. అన్నేళ్ళూ ఏం ఎగురుతోందో పట్టించుకోకుండా ఇచ్చి, నచ్చనిది వచ్చినరోజు ఇది మా గొంతు అంటే చెల్లదు. ఏ గోడ మీదైనా ఇది ముందే, రాసి, తేల్చుకోవాల్సిన విషయం.

బోర్డుకు చేసిన మార్పు

బోర్డు పూర్తిగా పాఠకులదని తేల్చాం. పై 20 సెంటీమీటర్ల పట్టీలో 4 సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో రాయించాం: "ఇవి పాఠకుల ప్రకటనలు. గ్రంథాలయం వీటిని ఎంపిక చేయదు." అంతకుముందు ఇలాంటి మాటే కింద మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది. చదవలేని గమనిక లేనట్టే. సంస్థ సొంత ప్రకటనలను అక్కడి నుంచి తీసి కౌంటరు వెనక గోడకు మార్చాం. రెండూ ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉంటే పైన ఏం రాసినా గొంతులు కలిసిపోతాయి.

మిగిలిన స్థలాన్ని తెల్ల టేపుతో అడ్డం 9, నిలువు 3, మొత్తం 27 గళ్ళు చేశాం. గడికి ఒక ఏ4 కాగితం. బృందానికి ఒకసారికి ఒక గడి, 30 రోజులు, ఆ తర్వాత 60 రోజుల విరామం. గళ్ళకన్నా అర్జీలు ఎక్కువైతే నెల మొదటి సోమవారం చీటీలు తీయడం. ముందొచ్చినవాళ్ళకు ముందు అన్న పద్ధతి కావాలనే పెట్టలేదు. తలుపు తీయగానే నలుగురిని నిలబెట్టగల బలమైన సంఘాలకే అది లాభం. పనికి పోయి సాయంత్రం వచ్చే మనిషికి గడి మిగలదు.

ఉద్యోగి చేతికి ఒక అట్ట ఇచ్చాం. సరిగ్గా ఏ4 కొలత, కింద 5 సెంటీమీటర్లు కోసేశాం. పోస్టరు మీద అట్ట పరిస్తే పైనున్న మాటలన్నీ కప్పుకుపోయి కింది పట్టీ మాత్రం కనబడుతుంది. పట్టీలో ఉండాల్సినవి మూడే: పెట్టినవాళ్ళను సంప్రదించే వివరం, పెట్టిన తేదీ, తీసే తేదీ. కింది పట్టీ తప్ప కాగితం అట్ట దాటి బయటకు రాకూడదు. పట్టీ నిండి ఉండాలి. రిజిస్టరులో ఆ బృందం పేరు మీద ఇంకో గడి ఉండకూడదు. అంతే, స్టాంపు. విషయం చదవకముందే నిర్ణయం తొంభై పాళ్ళు అయిపోతుంది.

అప్పుడు అట్ట తీసి నాలుగు విషయాలే చూస్తారు. ఎవరి మీదైనా బెదిరింపు ఉందా, వేరే వ్యక్తి ఫోను నంబరో చిరునామానో ఫోటోనో బయటపెట్టారా, అశ్లీల చిత్రం ఉందా, చట్టం నేరుగా నిషేధించినదేమైనా ఉందా. అనుమానం వస్తే కౌంటరులో కాదనరు. కమిటీలోని ఇద్దరు సభ్యుల దగ్గరికి పంపుతారు, రెండు పనిదినాల్లో రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి. కారణం రాయాల్సి రావడమే సగం పక్షపాతాన్ని ఆపింది.

మొదటి నెలలో ఒక తప్పు దొర్లింది. తీసే తేదీ వచ్చినా నచ్చిన పోస్టర్లు నాలుగైదు రోజులు అలాగే ఉండిపోయేవి, నచ్చనివి ఆ రోజు పొద్దున్నే పోయేవి. ఎవరూ కావాలని చేసింది కాదు. అప్పటి నుంచి తీసే పని సోమవారానికి, బోర్డుతో సంబంధం లేని రికార్డు గది ఉద్యోగికి అప్పగించారు.

కౌంటరు, బ్యాడ్జి

ఇక్కడ రెండు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఎదురుగా ఉన్న మనిషి ఈ ఉద్యోగి నిర్ణయం మీద ఆధారపడి ఉన్నాడా? చూడకుండా తప్పించుకునే వీలు అతనికి ఉందా? కౌంటరులో మొదటిదానికి అవును, రెండోదానికి లేదు. కాబట్టి ప్రచార బ్యాడ్జి, నినాదం ఉన్న చొక్కా, లాప్‌టాప్ మీద బయటివైపు అతికించిన స్టిక్కరు కౌంటరు వేళల్లో ఉండవు. అదే ఉద్యోగి భోజన విరామంలో, వెనక గదిలో, రోడ్డు మీద ఏం పెట్టుకున్నా సంస్థకు పట్టదు. తన బల్లకు తనవైపు ఉన్న ముఖం మీద కుటుంబం ఫోటో ఉండొచ్చు, ప్రార్థన వాక్యం ఉండొచ్చు.

కమిటీలో ఒకరు తేలిక దారి చెప్పారు: చిన్న గుర్తులు సరే, పెద్దవి వద్దు. నేను గట్టిగా వద్దన్నది ఈ కేసులో దీన్నే. గొలుసుకు వేలాడే చిన్న గుర్తు చొక్కా లోపల పడిపోతుంది. తలకు కట్టుకునే వస్త్రం చిన్నదవదు. కొలబద్ద నిష్పక్షపాతంగా కనిపిస్తూనే కొన్ని విశ్వాసాలవాళ్ళను మాత్రమే కొడుతుంది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2021 జులైలో, కొట్టొచ్చినట్టు కనిపించే పెద్ద గుర్తులకే పరిమితమైన నిషేధం నేరుగా వివక్ష కావచ్చని చెప్పింది. తటస్థంగా కనిపించాలన్న కోరిక ఒక్కటే చాలదు, యజమాని నిజమైన అవసరం చూపాలని కూడా అంది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2013 జనవరిలో ఒకే తీర్పులో విమాన సంస్థ కౌంటరు ఉద్యోగిని శిలువ గొలుసు విషయంలో ఆమె పక్షాన నిలిచింది, రోగుల దగ్గర పనిచేసే నర్సు విషయంలో భద్రతా కారణాన్ని ఒప్పుకుంది. గుర్తు ఒకటే. తేడా అంతా చేసే పనిలో, చెప్పిన కారణంలో ఉంది.

అందుకే గీతను సైజు దగ్గర కాక ఉద్దేశం దగ్గర గీశాం. తాను ఎవరో తెలిపే దుస్తులు, గుర్తులు ఉంటాయి, ఏ విశ్వాసానివైనా. ఎదుటివాళ్ళను ఒక పని చేయమని, ఒకరికి ఓటెయ్యమని, ఒక చట్టాన్ని వ్యతిరేకించమని అడిగేవి కౌంటరులో ఉండవు. ఈ గీత కూడా అక్కడక్కడా మసకే. కానీ సైజు గీత కన్నా తక్కువమందిని గాయపరుస్తుంది.

రిబ్బను

మెమోలు ఇవ్వలేదు. ఒక మాట అనవద్దని ఉద్యోగికి కౌంటరులో చెప్పడం వేరు, ఒక మాట అనితీరాలని ఒంటి మీద గుచ్చడం వేరు. 1986 ఆగస్టులో మన సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, జాతీయగీతం పాడకుండా మర్యాదగా లేచి నిలబడ్డ ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం చెల్లదంది. జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన ఆ తీర్పు ఈ ఇద్దరు ఉద్యోగుల ముందు డైరెక్టరుకు చదివి వినిపించాల్సి వచ్చింది. చదివాక ఆయనే ఆదేశం వెనక్కు తీసుకున్నారు.

దాని వెంటే పెద్ద ప్రశ్న వచ్చింది. ఈ విషాదానికి సంఘీభావం తెలిపారు, మరి ఆ విషాదానికి ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు జవాబు ఉండదు, ఎందుకంటే ఏ దుఃఖం పెద్దదో తూచే త్రాసు గ్రంథాలయం దగ్గర లేదు. షికాగో విశ్వవిద్యాలయంలో 1967లో హ్యారీ కాల్వెన్ అధ్యక్షతన ఒక కమిటీ చేసిన ఆలోచన ఇక్కడ పనికొచ్చింది: వ్యక్తులు స్వేచ్ఛగా మాట్లాడాలంటే సంస్థ తన నోరు అదుపులో పెట్టుకోవాలి, తన పనికే ముప్పు వచ్చినప్పుడు మాత్రం మాట్లాడాలి. గ్రంథాలయం ఇప్పుడు పుస్తకాలు, చదివే హక్కు, పాఠకుల వివరాల గోప్యత, తన ఉద్యోగుల భద్రత మీద మాత్రమే ప్రకటన చేస్తుంది. ఉద్యోగి చనిపోతే సంతాపం తెలుపుతుంది.

మూడో నెల పరీక్ష

నియమాల్లో దేన్నీ దాటని, కానీ చాలామందిని బాధపెట్టే పోస్టరు ఒకటి వచ్చింది. పది రోజుల్లో 27 ఫిర్యాదులు. తీసేయమని డైరెక్టరు మీద ఒత్తిడి. ఫిర్యాదు ఫారంలో "ఏ నియమం తప్పింది?" అన్న గడి పెట్టాం, 27లోనూ అది ఖాళీ. సంఖ్యను చూసి తీసేస్తే రేపటి నుంచి ఫారాలు ఎక్కువ నింపగలిగిన సంఘానిదే బోర్డు. ఉంచాం. 30వ రోజున గడువు తీరి దిగింది. వేరే బృందం తమ మాట ఇంకో గడిలో పెట్టుకుంది.

ఆ ఫారాల్లో ఒకటి మాత్రం మిగతావాటిలా లేదు. ఒక తల్లి రాసింది: పిల్లల విభాగానికి పోవాలంటే ఈ బోర్డు ముందు నుంచే పోవాలి, నా కూతురు చదవగలదు, తనలాంటివాళ్ళ గురించి ఏం రాశారో తను చదివింది. ఆమె అడిగింది తీసేయమని కాదు, తప్పుకుని పోయే దారి. ఆ పాయింటు మా పటంలో తప్పిపోయింది. గొంతు ఎవరిదో చూశాం, ఎవరి దారిలో ఉందో చూడలేదు. బోర్డును ద్వారం దగ్గర నుంచి వార్తాపత్రికల నడవాలోకి మార్చాం. మాటల్లో ఒక్క అక్షరం మారలేదు. చూడాలనుకున్నవాళ్ళు నాలుగడుగులు వేసి చూస్తారు.

శబ్దానికీ ఇదే లెక్క. కన్ను తిప్పుకోవచ్చు, చెవి మూసుకోలేం. అందుకని రీడింగ్ హాల్లో ప్రార్థన, ప్రసంగం, పాట, క్రికెట్ వ్యాఖ్యానం అన్నిటికీ ఒకటే నియమం: ఇయర్‌ఫోన్ లేకుండా ఫోన్లో ఏదీ వినిపించకూడదు. సమావేశ గది విషయంలో పెద్ద గొడవ లేదు. బృందానికి నెలకు ఒక బుకింగు, అందరికీ ఒకే అద్దె, పిలుపు పత్రంలో గ్రంథాలయం పేరు చిరునామాగా మాత్రమే ఉండాలి.

ఏడాది తర్వాత

సమీక్షలో రిజిస్టరు తిరగేస్తే తిప్పి పంపినవి 19. అందులో 16 కొలత వల్లో, పట్టీ నింపకపోవడం వల్లో. అందరూ సరిచేసుకుని తెచ్చారు. రెండు వేరొకరి ఫోను నంబరు వేసినందుకు. ఒకటి బెదిరింపు. గోడల ఎర్ర చుక్కలు 11 నుంచి 2కు వచ్చాయి. ఆ రెండూ దాత కానుకలే, ఇంకా తేలలేదు.

తేలని ఇంకో విషయం లిపి. అట్ట పద్ధతి వల్ల ఉద్యోగులకు రాని భాషలో ఉన్న పోస్టరుకూ గడి దొరుకుతుంది, అది మంచిదే. కానీ అట్ట తీశాక చూడాల్సిన నాలుగు విషయాలు చదవలేకపోతే చూడలేరు. ప్రస్తుతానికి తెచ్చినవాళ్ళే రెండు వాక్యాల్లో సారాంశం రాసి సంతకం పెడుతున్నారు. ఆ భాష వచ్చిన పాఠకులు ఇద్దరు ముగ్గురు అడిగినప్పుడు చదివి పెడతామని పేర్లు ఇచ్చారు. అయితే ఒక చిన్న భాషా సమూహంలో చదివి పెట్టే మనిషికీ పోస్టరు తెచ్చిన మనిషికీ పడకపోతే ఏం చేయాలో ఇంకా రాసుకోలేదు. వచ్చే సమీక్షలో మొదటి అంశం అదే.